రేవు హాల్లో ఆఖరి ఆట

నవంబరు పదకొండు, శుక్రవారం, రాత్రి తొమ్మిది గంటల నలభై నిమిషాలు. మా బాబాయి రేవు హాలు గేటు తోసింది సరిగ్గా అప్పుడే. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే — గేటు తోసేముందు ఆయన వాచీ చూసుకున్నాడు. తెల్లారడానికి ఇంకా ఎంతసేపుందో లెక్కేసుకోవడానికి.

రేవు హాలంటే సినిమా హాలు. సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న పాత కట్టడం. ఇప్పుడక్కడ పన్నెండంతస్తుల మేడ ఉంది. యంత్రాలకి దెయ్యమంటే భయం లేదు కాబట్టి చివరికి అవే వచ్చి కూల్చే పని కానిచ్చాయి. నేను చెప్పేది అంతకు ముందు సంగతి, హాలు మూతపడి ఎనిమిది నెలలైనప్పటిది.

మూతపడిన నాటినుంచీ దాని పేరు పాడైపోయింది. రాత్రిపూట లోపల వెలుగు కనిపిస్తుందనేవారు. మనిషి ఎత్తున కాదు... మోకాలి కింద, నేలని అంటుకుని... వరసల మధ్య నెమ్మదిగా పాకుతూ. ఆ తర్వాత కుర్చీల చప్పుడు. మనిషి లేవగానే వాటంతట అవే పైకి మడుచుకునే కుర్చీలు తెలుసుగా, అవి. టప్... టప్... టప్... తాళం వేసిన ఖాళీ హాల్లో! కాపలాకి పెట్టినవాడు నెల తిరక్కుండానే పారిపోయాడు. ఒక చెప్పు గేటు దగ్గర దొరికింది. రెండోది పక్క వీధిలో దొరికింది.

ఇక మా వంశం ధైర్యం సంగతి. పైన దేవుడున్నాడు కనుక ఉన్నదున్నట్టే రాస్తాను. మా ఇంట్లో ధైర్యం బీరువాలో దాచిన మంచి దుప్పటి లాంటిది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాం, ఎవరం కప్పుకోం. అందరిలోకీ ఎక్కువగా చూపించేది బాబాయి. "దెయ్యమా? రమ్మనండి, టీ తాగించి పంపిద్దాం" అనేవాడు. పగలు అనేవాడు, నలుగురిలో అనేవాడు. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళాలంటే మాత్రం పిన్ని ముందు నడవాల్సిందే.

ఒకప్పుడు ఆ ఒడ్డున సాయంత్రమైతే చెవులు చిల్లులు పడేవి. రంగులరాట్నం, చక్రాల బూట్ల హాలు, తుపాకీతో బుడగలు పేల్చే బడ్డీలు, పాటకచేరీల వేదిక — ఒక్కొక్కటే పోయాయి. ముందు రేకుల కంచె వచ్చేది. కంచె మీదికి నవ్వుతున్న ఓ కుటుంబం బొమ్మ వచ్చేది. ఆ తర్వాత కంచె వెనక ఏమీ ఉండేది కాదు.

రంగులరాట్నం తిప్పింది మా బాబాయే. గుర్రాల్ని పాత ఇనుము కింద లారీకి ఎక్కిస్తుంటే, అత్తారింటికి వెళ్ళే పిల్లని పంపినట్టు వీధి చివరిదాకా వెంట నడిచాడు. రెండేళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత, ఆ గుర్రాల్ని ఎవరు ఎత్తించేశారో ఆ మేడలు కట్టే కంపెనీలోనే సైటు చూసుకునే పనికి కుదిరాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అందరం కలిసి అన్నానికి కూర్చున్నప్పుడు అసలే ఎత్తేవారు కాదు.

రేవు హాలు కూల్చే వంతు వచ్చింది. కూల్చే పనివాళ్ళు గేటు దాటలేదు.

"నావాళ్ళు లోపల కాలు పెట్టేది లేదంటున్నారండీ," అన్నాడు మేస్త్రీ. "మీలో ఎవరైనా ఒక్క రాత్రి పడుకుని, పొద్దున బయటికొచ్చి ఏమీ లేదని చెప్పండి. వెంటనే సుత్తి పడుతుంది."

కంపెనీ యజమాని మెడ తిప్పి బాబాయిని చూశాడు. "దెయ్యానికి టీ తాగిస్తానన్నది నువ్వేగా? వెళ్ళి తాగించు. రేపు పొద్దున పని మొదలవ్వకపోతే నువ్వు వేరే ఉద్యోగం చూసుకో."

అలా పడింది బాబాయి నోరు చేసిన పనికి శిక్ష.

ఆ రాత్రి ఇంట్లో పిన్ని ఓ దుప్పటి, ఫ్లాస్కులో టీ చేతికిచ్చింది. "రెండు కప్పులు పెట్టాను," అంది నవ్వకుండా. "ఆ పక్క తలుపు దగ్గర మెట్టు విరిగింది, చూసుకోండి."

"దేవుణ్ణి తలుచుకుంటూ ఉండండి, మరిదిగారూ," అంది మా అమ్మ.

"ఇంత చిన్నదానికి ఆయన్నెందుకు వదినా ఇబ్బంది పెట్టడం!"

ముందుగదిలో మా అత్తయ్య, అంటే బాబాయికి అక్క, గోడవైపు తిరిగి ముసుగుతన్ని పడుకుంది. ముప్ఫై ఏళ్ళు ఆ హాల్లోనే పనిచేసింది. ఆట మొదలయ్యాక వచ్చేవాళ్ళకి టార్చి వేసి సీటు చూపించడం ఆమె పని. హాలు మూసిన రోజు టార్చి తిరిగి అప్పగించి వచ్చింది. అప్పటినుంచీ మోకాళ్ళ నొప్పులని గుమ్మం దాటలేదు.

"వెళ్ళొస్తానక్కా."

"ఊఁ..."

ఆ 'ఊఁ'లో బోలెడు కోపం వినిపించింది బాబాయికి. తలొంచుకుని వెళ్ళిపోయాడు.

* * *

గేటు కిర్రుమంది. కంపెనీ ఇచ్చిన తెల్లటి లైటు చేత్తో పట్టుకుని పక్క తలుపులోంచి లోపలికి దూరాడు. ఉప్పుగాలి, పావురాల రెట్టల వాసన. తెర ఎప్పుడో చింపేశారు, మిగిలింది బోసిగోడ.

"ఎవరూ లేరు," అని పైకే అన్నాడు. తనకి తను వినపడాలని.

టప్.

లైటు చేతిలోంచి ఎగిరి కుర్చీల కింద పడింది. దొర్లింది... దొర్లింది... ఆరిపోయింది.

కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. గోడ అవతల సముద్రం ఊపిరి తీస్తోంది, వదులుతోంది. తను మాత్రం తీసిన ఊపిరి వదలడం మర్చిపోయాడు. తలుపు ఎటుందో తెలీదు. తెలిస్తే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

అప్పుడు... కాళ్ళ ముందు వెలుగు పడింది.

పళ్ళెమంత వెలుగు. పసుపుపచ్చగా, నీరసంగా. దాని వెనక చెయ్యి లేదు, మనిషి లేడు... వెలుగు ఒక్కటే. అడుగు దూరం జరిగి ఆగింది. ఎదురుచూసింది.

బాబాయి పారిపోదామనుకున్నాడు. కాళ్ళు ఒప్పుకోలేదు. చిన్నప్పటినుంచీ ఆ హాల్లో వెలుగు ఎటు పోతే అటు నడిచిన కాళ్ళవి. ఇప్పుడూ బుద్ధిగా దాని వెనకే బయల్దేరాయి. పైనున్న మనిషి ఏమైపోతున్నాడో వాటికి పట్టలేదు.

ఒకచోట వెలుగు ఆగి అటూ ఇటూ ఊగింది. చూస్తే... విరిగిన మెట్టు. దాటాడు. మళ్ళీ జరిగింది. ఓ వరసలోకి మళ్ళి, ఓ కుర్చీ మీద నిలిచింది.

ఆరిపోయింది.

బాబాయి కొయ్యబారిపోయి నిలబడ్డాడు. చెవి వెనక... చాలా దగ్గరగా... ఒక గుసగుస —

"కూర్చో... వెనకవాళ్ళకి అడ్డం..."

ఇబ్బంది పెట్టనన్న దేవుణ్ణి బాబాయి అప్పుడు పెట్టిన ఇబ్బంది ఇంతా అంతా కాదు. తెలిసిన పేర్లన్నీ పిలిచాడు. తెలియని పేర్లు అప్పటికప్పుడు కల్పించి పిలిచాడు. చివరికి "అక్కా!" అని ఓ కేక పెట్టాడు.

"ఏంట్రా? ఇక్కడే ఉన్నానుగా. అరవకు, కథ మంచి పట్టులో ఉంది."

మబ్బు తప్పుకున్నట్టుంది, కప్పు రేకు చిరుగుల్లోంచి సన్నగా వెన్నెల దిగుతోంది. అందులోకి కళ్ళు కుదురుకున్నాక చూశాడు. వెనక వరసలో మోకాళ్ళ నొప్పుల అక్క. ఆమె పక్కన... కొంగు కప్పుకుని... పిన్ని! అటుపక్క మంగలాయన, ఫోటో స్టూడియో ఆవిడ, చక్రాల బూట్లు నేర్పిన మాస్టారు, వీధి వీధంతా, ఎవరి పాత సీట్లో వాళ్ళు. ముందు బోసిగోడకి ఆనుకుని టికెట్ల కిటికీ తాత నిలబడి, సముద్రం హోరులో కలిసిపోయేంతగా గొంతు తగ్గించి, ఎప్పటిదో సినిమా ఒకటి మొదటినుంచీ కథలా చెబుతున్నాడు. పాటల దగ్గర కూనిరాగం కూడా తీస్తున్నాడు.

"నువ్వు... ఇంట్లో పడుకున్నావుగా?" అన్నాడు బాబాయి.

"ఈయన అటు వెళ్ళగానే మేము చేపలబజారు సందులోంచి వచ్చేశాం," అంది పిన్ని. "ఈయనేమో చుట్టుదారిన, ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగి, వచ్చేసరికి ఆట మొదలైంది."

"ప్రతి శుక్రవారం రెండో ఆటకి వస్తాంరా," అంది అత్తయ్య. "కొత్త సినిమా పడే రోజు కదా, కాళ్ళు ఇంట్లో ఆగవు."

"నాకొక్క మాట చెప్పలేదే?"

అత్తయ్య మెల్లగా అంది — "కంపెనీ మనిషివి. చెబితే నీ ఉద్యోగానికి ముప్పు. అయినా నువ్వు మాకు చేస్తున్న సాయం మాకు తెలీదా? నువ్వు చెప్పుకోలేవు పాపం. అందుకే మేమూ అడగలేదు."

"సాయమా? నేనా?"

"మెట్టు విరిగాక చీకట్లో ఎవరైనా పడతారని, టార్చి పట్టే మనిషిని పెట్టావుగా. ఈ వీధిలో వాళ్ళందరికీ చెప్పాను, మా తమ్ముడు పైకలా కనిపిస్తాడు గానీ గుండె మంచిదని."

బాబాయికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. భయం వల్ల కాదు. తనకి లేని మంచితనాన్ని ఇన్నాళ్ళూ చీకట్లో కూర్చుని వీళ్ళంతా తన ఖాతాలో వేస్తున్నారు. తనేమో రేపు పొద్దున ఈ కుర్చీల మీద సుత్తి వేయించడానికి వచ్చాడు.

ఆ ఏడుపు సగంలో ఉండగానే అసలు సంగతి తట్టింది.

"అక్కా... నేనెవర్నీ పెట్టలేదు."

"సరేలే. దాచడానికి ఇప్పుడిక్కడ కంపెనీవాళ్ళెవరున్నారు..."

"ఒట్టు అక్కా! అది నువ్వేననుకున్నాను. ఇప్పుడు నన్ను ఇక్కడికి తెచ్చింది... ఆ టార్చి..."

"నా టార్చి అప్పగించేశాను కదరా."

ముందు టికెట్ల తాత కథ ఆపేశాడు. అత్తయ్య గొంతు మారింది.

"వెలుగు నీ మొహం మీద పడిందా... కాళ్ళ మీద పడిందా?"

"కాళ్ళ మీద."

"మెట్టు దగ్గర... ఊగిందా?"

"ఊగింది."

అత్తయ్య లేచి నిలబడింది. కుర్చీ మడుచుకుంది — టప్. "అందరూ... నెమ్మదిగా... లేవండి," అంది. అని, తను నెమ్మదిగా ఉండడం మర్చిపోయింది. ఎనిమిది నెలలుగా గుమ్మం దాటని మోకాళ్ళు అందరికంటే ముందు తలుపు దాటాయి. వెనకే పిన్ని, మాస్టారు, తాత. టప్ టప్ టప్ టప్! వీధి వీధంతా ఇసకలోకి వచ్చి పడింది. బాబాయి రెండో స్థానంలో ఉన్నానంటాడు. పిన్ని మాత్రం ఆయన్ని తనే చెయ్యిపట్టి ఈడ్చుకొచ్చానంటుంది.

ఊపిరి కుదుటపడ్డాక ఫోటో స్టూడియో ఆవిడ అంది — "అంత చీకట్లో, అంత పరుగులో... ఒక్కరమూ పడలేదు, చూశారా?"

అందరూ తలుపువైపు తిరిగారు.

లోపల, విరిగిన మెట్టు మీద, పళ్ళెమంత పసుపు వెలుగు ఇంకా నిలబడే ఉంది. ఆఖరివాళ్ళు దాటారో లేదో చూసుకుంటున్నట్టు. ఒకసారి రెపరెపలాడింది... ఆరిపోయింది.

* * *

పొద్దున గేటు దగ్గర యజమాని, మేస్త్రీ, సుత్తులు పట్టుకున్న మనుషులు. "ఊఁ, చెప్పు," అన్నాడు యజమాని. "లోపల ఏమైనా ఉందా?"

బాబాయి ఒక్కమాట అంటే చాలు. ఉద్యోగం నిలుస్తుంది, ధైర్యవంతుడన్న పేరూ నిలుస్తుంది.

"ఉంది," అన్నాడు.

"ఏం చేసిందేంటి?"

"మెట్టు చూపించింది."

పనివాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి తోడు దొరకలేదు.

"భయపడ్డావా?"

"చాలా భయపడ్డానండీ. మా ఆవిడని అడగండి."

మేస్త్రీ సుత్తిని బండిలో పెట్టాడు. యజమాని చెయ్యి చాపాడు, బాబాయి తాళాలు అందులో పెట్టాడు. ఇంటికి నడిచి వచ్చాడు. పిన్ని వేడివేడి టీ ఇచ్చింది. రెండు కప్పులు.

అప్పుడు చెప్పింది అత్తయ్య. తనకి పని నేర్పిన పెద్దాయన ఒకరుండేవాడట, పోయి చాలా ఏళ్ళయింది. టార్చి ఎప్పుడూ వెనక్కి తిప్పి పట్టుకోవాలనేవాడట — వెలుగు వచ్చేవాళ్ళ కాళ్ళకి, చీకటి మనకి. ఒక్కరు పడినా ఆ పూట అన్నం తినేవాడు కాదట.

"వెలుగు బాగా నీరసించింది," అంది చివరికి. "సెల్సు అయిపోవచ్చాయి."

ఆ మాటకి మా అమ్మ లేచింది. పొద్దుటిపూట దేవుడి పాటలు వినే రేడియో వెనక మూత తీసి, రెండు పెద్ద సెల్సు బయటికి లాగింది. దేవుడు ఏమీ అనుకోడని అంది.

ఇంటిల్లిపాదీ బయల్దేరారు. పట్టపగలే, అయినా ఒకరి వెనక ఒకరు నక్కుతూ, ముందు నువ్వంటే ముందు నువ్వని తోసుకుంటూ. చివరికి టికెట్ల కిటికీ దగ్గర బాబాయే ముందుకొచ్చాడు. చెయ్యి దూరేంత చిన్న కన్నం అది. సెల్సు రెండూ అందులో పెట్టి లోపలికి దొర్లించి, చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

అవతలివైపు బల్ల ఏటవాలుగా ఉంటుంది. సెల్సు దొర్లుతున్న చప్పుడు వినిపించింది... గరగరగర... అంచుదాకా వెళ్ళింది. ఇక నేల మీద పడాలి.

పడలేదు.

మావాళ్ళెవరూ తొంగి చూడలేదు. మా వంశం సంగతి ముందే మనవి చేసుకున్నాను కదా.