వాకీటాకీలో పెళ్ళి కబురు

శబరి నది పొంగి కొంటా ఊరి బజారు చివరిదాకా వచ్చిన ఆ ఉదయం, బిజ్జా నడుపుతున్న మోటర్ బోటు వరద మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది. ఇంజన్‌లో లోపమేమీ లేదు. లోపమంతా ఒడ్డున ఉంది.

"బిజ్జా! ముందు గోదాము కాడికి పో, ఉప్పు బస్తాలు మునుగుతున్నయ్!" కాశీవిశ్వనాథం సేఠ్ అరుస్తున్నారు.

"గోదాము వద్దు! బడి ఎనక ఇండ్లల్ల మనుషులున్నరు, అటు తిప్పు!" ఆయన కొడుకు కిషోర్ అంతకన్నా పెద్దగా అరిచాడు.

"పొద్దున్నుంచి ఏం తినలే పాపం. ఇటు రా బిజ్జా, రెండు ఇడ్లీలు తిని పో!" ఇది సేఠ్ గారి భార్య సుశీలమ్మ.

బిజ్జా పనిచేసే వాళ్ళ కిరాణా దుకాణంలో పని సాగే పద్ధతే అది. ముగ్గురూ ఒకేసారి చెబుతారు, పనివాడు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట వింటాడు. బియ్యం తూచడానికి ఆ పద్ధతి బాగానే పనికొచ్చింది. వరదలో మాత్రం బోటును గింగిరాలు తిప్పింది.

గట్టిగా విజిల్ మోగింది. జీపులోంచి నారింజ రంగు జాకెట్ వేసుకున్న అమ్మాయి దిగింది.

"ఇక్కడ ఇన్‌చార్జ్ ఎవరు?"

ముగ్గురూ చేతులెత్తారు.

"అంటే ఎవ్వరూ లేరన్నట్టే," అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. "నా పేరు రాధ. జిల్లా విపత్తు దళం. పై ఆఫీసర్ జిల్లా కేంద్రం సుక్మా నుంచి వచ్చి చార్జ్ తీసుకునేదాక ఇక్కడ కమాండ్ నాది. బోట్ల పని మా దళం ముకేష్ చూస్తడు. బిజ్జన్నా, నువ్వు ముకేష్ ఒక్కడి మాటే వినాలె. సేఠ్ పిలిచినా, దేవుడు పిలిచినా వినొద్దు."

"మరి నేనెవరి మాట వినాలె?" అన్నాడు కిషోర్ ఉక్రోషంగా.

"ఇంట్ల ఎవరి మాట వింటరు?"

"ఎవ్వరి మాటా వినను."

"ఇయ్యాల నా మాట వినుండ్రి." ఒక పసుపు జాకెట్ అతని మీదకు విసిరింది. దాని వీపున లాజిస్టిక్స్ అని ఉంది. అంటే డీజిలు, తాళ్ళు, దుప్పట్లు, తిండి అన్నీ అతని పూచీ.

కిషోర్‌కు ఒళ్ళు మండింది. బడి వరండాలో ఆమె బల్ల మీద మ్యాపు పరిచి, తడిసిన ముంగురుల్ని మోచేత్తో వెనక్కి తోసుకునేదాకా మండుతూనే ఉంది. ఆ తర్వాత మండలేదు.

అప్పట్నుంచి అతను ప్రతి చిన్న విషయమూ స్వయంగా వచ్చి చెప్పసాగాడు.

"మేడమ్, డీజిల్ వచ్చింది."

"మంచిది."

"మేడమ్, దుప్పట్లు ఎండినయ్."

"వానలనా?"

"అంటే... సగం ఎండినయ్. ఇగో, చాయ్."

"నేను అడగలేదే?"

"లాజిస్టిక్స్ అంటే అడగకముందే తెచ్చుడు గదా మేడమ్."

ఆమె మ్యాపు మీంచి తల ఎత్తలేదు. చెంప మాత్రం కొద్దిగా సొట్ట పడింది. కిషోర్‌కు ఆ సొట్ట చాలు, వాన ఎంతసేపు కురిసినా ఫరవాలేదనిపించింది.

మధ్యాహ్నం వాకీటాకీలో ముకేష్ గొంతు వినిపించింది. "వాగు అవతలి గుంపుల ఇండ్లన్నీ ఖాళీ అయినయ్. ఒక్క ముసలవ్వ బోటు ఎక్కనంటున్నది. పేరు సుక్కి. నీళ్ళు గడప దాటినయ్. ఓవర్."

మ్యాపు మీద రాధ వేలు ఆగిపోయింది.

"మా అవ్వ," అంది మెల్లగా. "ఇంటి మనిషి వచ్చి పిలిస్తే తప్ప ఇల్లు కదలదు. చిన్నప్పటి నుంచి అంతే."

"మరి మీరు పోండి మేడమ్!"

"నేను పోతే? ఇంకా మూడు బోట్లు నీళ్ళల్ల ఉన్నయ్. అడిగితే చెప్పెటోళ్ళు ఉండరు. పొద్దున బిజ్జన్న తిరిగినట్టు అన్నీ తిరుగుతయ్." ఆమె ఇంకో వాకీటాకీ తీసి అతని ముందు పెట్టింది. "ఆ ఒక్క అవ్వే నాకున్నది కిషోర్ గారూ. మీరు పోతరా?"

కిషోర్ జాకెట్ విప్పి నాన్నకు తొడిగాడు. ఏది ఎక్కడుందో గబగబా అప్పజెప్పి, బిజ్జా బోటులోకి దూకాడు.

సుక్కవ్వ మోకాటి లోతు నీళ్ళలో, మంచం మీద కూర్చుని ఉంది. చంకలో కోడి.

"అవ్వా, లెవ్వు. రాధ పంపింది."

"దాన్నే రమ్మను. నువ్వేంది, ఎవని కొడుకువో! ఎవరో పిలిస్తే నేనెందుకొస్త?"

"రాధ అక్కడ అందరినీ చూసుకోవాలె అవ్వా."

"చూసుకోమను. నేనేమన్న వద్దన్ననా? ఈ కోడిని పట్టు, తడుస్తున్నది."

కోడి చేతిలోకి వచ్చింది. వాకీటాకీని చంకలో ఇరికించక తప్పలేదు. మాట పంపే మీట చంక కింద నొక్కుకుపోయిన సంగతి కిషోర్ చూసుకోలేదు. నీళ్ళు మంచం పట్టెను తాకాయి. అతనికి నిజంగా భయమేసింది.

"ఇంటి మనిషినే అవ్వా నేను! నీ మనవరాలిని పెళ్ళి చేసుకునేటోణ్ణి! ఇంక లేస్తవా, ఎత్తుకపోవాల్నా?"

అవ్వ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఆ మాట ముందే చెప్పొద్దా? పద." తానే నడిచి వెళ్ళి బోటెక్కింది.

కోడి రెక్కలు కొట్టుకునేసరికి మీట వదులైంది. వెంటనే వాకీటాకీలో రాధ గొంతు పలికింది. విన్నది సరిగ్గా విన్నామని తిరిగి చెప్పడం వాళ్ళ దళంలో నియమం.

"సుక్కవ్వ బోటెక్కింది. విన్నాం. కిషోర్ గారూ, మీ మాటలన్నీ అందరం విన్నాం. మిగతా సంగతి ఈ ఛానెల్‌ల వద్దు. ఓవర్."

బిజ్జా నవ్వుతూ బోటును చెట్టుకు కొట్టబోయాడు.

ఒడ్డున లాజిస్టిక్స్ జాకెట్‌లో కాశీవిశ్వనాథం సేఠ్ ఎదురొచ్చారు. "పెళ్ళి సంగతి ఇంట్ల చెప్పాలెరా, తాలూకా మొత్తానికి కాదు," అన్నారు. అంటూనే సుక్కవ్వకు చెయ్యందించి, దుప్పటి కప్పి, సుశీలమ్మ పక్కన కూర్చోబెట్టారు. "మా ఇంటికి పెద్దామె వచ్చింది, వేడివేడిగా చాయ్ పట్టుకరా," అని భార్యకు చెప్పారు. సుశీలమ్మ అప్పటికే పోస్తోంది.

రాధ మాత్రం అవ్వను ఒక్కసారి దూరం నుంచి చూసి, మళ్ళీ మ్యాపు మీదికి వంగింది. కిషోర్ వైపు చూడనే లేదు. తొందరపడి నోరు జారి అంతా చెడగొట్టుకున్నాననుకుని అతను బడి మెట్ల మీద కూలబడ్డాడు.

సాయంత్రానికి సుక్మా ఆఫీసర్ వచ్చారు. ఏ బోటు ఎక్కడుందో, ఎవరు మిగిలారో రాధ ఒక్కొక్కటీ చెప్పింది. "సరే, ఇక కమాండ్ నాది," అన్నారాయన. ఆ మాట అందరికీ వినిపించాక ఆమె నారింజ జాకెట్ విప్పి ఆయనకిచ్చింది.

నేరుగా వచ్చి కిషోర్ పక్కన మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నాక వెక్కివెక్కి ఏడ్చింది.

"అవ్వ పోతదేమోనని బోటెక్కేదాక ప్రాణం పోయింది నాకు. కమాండ్ల ఉండి అందరి ముందు ఏడిస్తే ఎట్ల?"

"సారీ మేడమ్. అవ్వను లేపడానికి అట్ల అన్న. కాని... అబద్ధం కాదు."

రాధ ముక్కు తుడుచుకుంది. "అవ్వకు చెప్పినవ్, బిజ్జన్నకు చెప్పినవ్, మీ నాన్నకు చెప్పినవ్. నాకు చెప్పలే. నాకు చెప్పు."

వాన చప్పుడులో కిషోర్ గొంతు తనకే వినిపించలేదు. అయినా చెప్పాడు, ఈసారి నిదానంగా, ఆమె కళ్ళలోకి చూస్తూ.

"ఒప్పుకున్న," అంది రాధ.