చనిపోయినవాడి జవాబులు

తలుపుకు అడ్డంగా పడి ఉన్నది శవమని, అది వారం రోజులుగా తనకు మెసేజీలు పెడుతున్న భర్తదని కిరణ్మయికి మొదట అర్థం కాలేదు.

సూట్‌కేసేదో అడ్డుపడిందనుకుంది. భుజంతో నెట్టింది. తలుపు జానెడు తెరుచుకుంది. లోపలి గాలి బయటికి కొట్టింది.

ఆమె గిరుక్కున తిరిగి ముందు కూతురి కళ్ళు మూసింది. అరుపు ఆ తర్వాత వచ్చింది.

ఐర్లండ్ పోలీసు శాఖ గార్డాలో డిటెక్టివ్ అబిగేయిల్, నేవన్ పట్టణ శివార్లలోని ఆ హౌసింగ్ ఎస్టేట్‌కు చేరేసరికి సన్నగా వాన పడుతోంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు. ప్రతి కిటికీలోనూ ఓ ముఖం.

చనిపోయింది గిరీష్. నలభై ఏళ్ళవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

మెట్ల కింద, ఇల్లు వేడిచేసే రేడియేటర్ అంచుకు ఎండిన రక్తం. అక్కణ్ణుంచి తలుపు దాకా కార్పెట్ మీద పాకిన జాడ. రెండు భుజాల మీదా కమిలిన వేళ్ళ గుర్తులు. కిరణ్మయి వచ్చేసరికి తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. అతని ఫోన్ లేదు.

"ఎవరో పట్టుకుని తోశారు. పడగానే పోలేదు," అన్నాడు పేథాలజిస్టు.

"ఎప్పుడు జరిగింది?"

"ఐదు రోజులు కావచ్చు. వారం కావచ్చు. అంతకంటే కచ్చితంగా నన్నడగొద్దు."

పక్క వీధిలోనే గిరీష్ అన్న రామ్మోహన్ ఇల్లు. కిరణ్మయిని అక్కడ కూర్చోబెట్టారు. ఎండకు నల్లబడిన ముఖం. మణికట్టుకు మెక్సికో రిసార్ట్ వాళ్ళు కట్టిన నీలం బ్యాండ్ ఇంకా ఉంది. తోడికోడలు మంగాదేవి ఆమె వీపు నిమురుతోంది.

"మీరు తెలుగేనా?" అంది కిరణ్మయి, నమ్మలేనట్టు.

"ఈ దేశంలోనే, నేస్ అనే ఊళ్ళో పుట్టిన తెలుగు. మా అమ్మ అక్కడ నర్సు. మీరు తెలుగులోనే చెప్పండి. టూర్‌కి అందరూ కలిసి వెళ్ళాల్సిందట కదా?"

"అవునండీ. బావగారే బుక్ చేశారు. బడులు తెరిచేలోపు ఒక వారం అని. తీరా ఆ పొద్దున ఈయన రానని కూర్చున్నారు. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. పక్కింటివాళ్ళు వినే ఉంటారు."

"ఎందుకు రానన్నారు?"

కిరణ్మయి తోడికోడలి వైపు చూసి గొంతు తగ్గించింది. "దూరంగా బాలింకాలిగ్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అక్కడికి వెళ్ళిపోదామని. బావగారికి ఇంకా చెప్పలేదు. అది దాచిపెట్టుకుని వారమంతా ఆయన ఎదురుగా నవ్వుతూ తిరగలేనన్నారు. నేనూ పాపా అక్కయ్యా ముందు టాక్సీలో వెళ్ళిపోయాం. బావగారు, వాణ్ణి నేను తీసుకొస్తానని ఆగారు."

"తీసుకొచ్చారా?"

"ఒక్కరే వచ్చారు. ఆఫీసులో ఎమర్జెన్సీ, రేపటి ఫ్లైట్‌కి వస్తాడన్నారు. అంతలోనే ఈయన మెసేజ్ కూడా వచ్చింది. మీరు బయల్దేరండి, రేపొస్తా అని. ఇంక రోజూ అదే. రేపు, రేపు. ఫోన్ చేస్తే ఎత్తరు. మీటింగ్‌లో ఉన్నా, మెసేజ్ పెట్టు అంటారు."

ఆమె ఫోన్ అందించింది. అబిగేయిల్ తెర మీద వేలితో పైకి జరుపుకుంటూ చదివింది. పాప ఈత నేర్చిందా? నేర్చింది. తిన్నావా? తిన్నాను. కొబ్బరిచెట్ల ఫొటోకి ఒక బొమ్మ. ఆఖరి మెసేజ్ నిన్నటిది.

*ఇంట్లోనే ఉన్నా. జాగ్రత్తగా రండి.*

నిన్నటికి ఇంట్లో ఉన్నది శవం.

"నాకొక్కటి చెప్పండి చాలు," అంది కిరణ్మయి. "రెండో రోజు, తప్పు నాదే, క్షమించు అని పెట్టారు. పెళ్ళయ్యాక ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అది ఆయనేనా? ఏ రోజు దాకా ఆయన? ఏ రోజు నుంచి ఇంకొకరు? అది తేలితేగానీ నాకు ఏడుపు కూడా వచ్చేలా లేదు."

అబిగేయిల్ పై అధికారి సార్జెంట్ కావనాకి ఇంత ఆలోచన లేదు. ఆయన లెక్కలో మొదటి ఒకటి రెండు రోజుల మెసేజీలు గిరీష్‌వే. తర్వాత చంపినవాడు ఫోన్ తీసుకుని నాటకం సాగించాడు. అంటే హంతకుడు ఆ వారం నేవన్‌లోనే ఉన్నాడు. మెక్సికోలో ఉన్నవాళ్ళకు సంబంధం లేదు. ఫోన్ కంపెనీ రికార్డులు రావాలంటే వారాలు పడుతుంది. అందాకా ఆగడం ఎందుకు?

మొన్నమొన్నటి దాకా గిరీష్ ఇంట్లో చిన్న గదిలో అద్దెకు ఉండి ఖాళీ చేసిన శౌరి దొరికాడు. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేరర్. గది ఖాళీ చెయ్యమంటే గిరీష్‌తో గొడవపడ్డాడు. ఇంటి తాళం చెవి ఇంకా జేబులోనే ఉంది.

"చెవి ఎందుకివ్వలేదు?" అంది అబిగేయిల్.

"మర్చిపోయాను మేడమ్. డబుల్ షిఫ్టుల్లో మా అమ్మ పేరే మర్చిపోతున్నా."

"గిరీష్ ఫోన్ ఎక్కడ?"

"నాకేం తెలుసు? అయినా నన్ను లోపలేస్తే మీ సార్జెంట్‌గారికి హాయి కదా. ముసలాళ్ళకి గంజి పట్టించేవాడు, అడిగే దిక్కుండదు."

"నోరు తగ్గించు శౌరీ."

"మీరు మాత్రం నమ్ముతున్నారా మేడమ్? ఆవిడ తిన్నావా అంటే తిన్నాను అని వారం రోజులు జవాబిస్తూ కూర్చునేంత తీరిక నాకుందా?"

ఆ ప్రశ్న అబిగేయిల్‌తో పాటు బయటికి వచ్చింది. పారిపోయే హంతకుడు ఒక్క మెసేజ్ పెడతాడు. వీడు పసిపిల్ల ఈత గురించి కూడా అడిగాడు.

ఆమె మళ్ళీ రామ్మోహన్ ఇంటికి వెళ్ళింది. ఆయన తలుపు తీశాడు. యాభై దాటిన భారీ మనిషి. నెరిసిన గడ్డం గరుకుగా పెరిగి ఉంది.

"మా తమ్ముణ్ణి చంపినవాణ్ణి వదలకమ్మా," అన్నాడు. "కిరణ్మయిని ఇంక కదిలించొద్దు. ఏం కావాలన్నా నన్నడుగు. మా ఇంట్లో అన్నీ నేనే చూస్తాను."

"అలాగే అంకుల్. పాపతో ఒక్క నిమిషం."

లోహిత మెట్ల మీద టాబ్లెట్ పట్టుకుని కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల. నాన్న పోయాడని చెప్పారు. అయినా వాట్సాప్ తెరిచి తెరిచి చూస్తోంది.

"నీ హాలిడే చూపిస్తావా?" అంది అబిగేయిల్, ఆమె పక్కన కూలబడి.

వీడియో మొదలైంది. తెల్లటి ఇసుక, నీలం సముద్రం. వినాయక చవితి రోజు. లోహిత తడి ఇసుకతో వినాయకుణ్ణి చేసింది. మామిడిపండ్లు, అరటిపండ్లు, రిసార్ట్ తోటలో కోసిన మందారాలు. కిరణ్మయి పట్టుచీరలో కూర్చుని ఫోన్‌లో చూసి కథ చదువుతోంది. పక్క కుర్చీల్లో విదేశీయులు నవ్వుతూ చూస్తున్నారు.

దూరంగా నీళ్ళ అంచున రామ్మోహన్ నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, ఇటు రండి!" మంగాదేవి గొంతు. "ఆ గడ్డం చూసి చేపలు కూడా ఒడ్డుకి రావట్లేదు!"

కథ అయిపోయింది. లోహిత అక్షింతలు పట్టుకుని పెదనాన్న వైపు పరుగెత్తింది. ఆయన వెనక్కి జరిగాడు. ఇంకా జరిగాడు. బట్టలతోనే అలల్లోకి దిగి తల ముంచాడు.

"హీ ర్యాన్ అవే ఫ్రమ్ మీ, సో హీ డిడ్," అంది లోహిత, పెదనాన్న తన నుంచి పారిపోయాడని చిన్నబుచ్చుకుని.

"కడుపులో బాలేదన్నారుగా ఆయన," వంటింట్లోంచి మంగాదేవి సర్దిచెప్పింది.

తర్వాతి ఫొటో అదే మధ్యాహ్నానిది. బఫే దగ్గర రామ్మోహన్, ప్లేటు నిండా పుచ్చకాయ ముక్కలు.

అబిగేయిల్ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"ఆంటీ, అంకుల్ ఏటా చవితి చేస్తారా?"

"చెయ్యడమేంటమ్మా! ఇక్కడి తెలుగు అసోసియేషన్ హాల్లో కథ చదివేదే ఈయన. జ్వరమొచ్చినా మానలేదు."

ఆ సాయంత్రం ముందుగదిలో అందరూ కూర్చున్నారు. లోహితను పక్కింటి అనురాధ తీసుకెళ్ళింది. శౌరిని వెంటబెట్టుకుని కావనా గుమ్మంలో నిలబడ్డాడు.

"మనమంతా ఎప్పుడు చనిపోయాడని వెతికాం," అంది అబిగేయిల్. "ఎవరికి ఎప్పుడు తెలిసిందో వెతకలేదు."

"తెలియడమేంటమ్మా? అందరికీ ఒకేసారి తెలిసింది," అన్నాడు రామ్మోహన్.

"నేస్‌లో మా పక్కింట్లో విమల ఆంటీ ఉండేవారు. ఏటా చవితికి మాకు ఉండ్రాళ్ళు పంపేవారు. ఒక ఏడు పంపలేదు. అడిగితే గుమ్మంలోనే ఆపేశారు. మా మరిది పోయాడమ్మా, పది రోజులు మాకు మైల, పూజ చెయ్యకూడదు, అక్షింతలు తాకకూడదు అన్నారు. ఆ ఇంటాయన గడ్డం గీసుకోలేదు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కదా, నాకది వింతగా ఉండి గుర్తుండిపోయింది."

ఆ ముక్క కావనాకి ఇంగ్లీషులో చెప్పి, అబిగేయిల్ మళ్ళీ ఇటు తిరిగింది.

"చావు కబురు తెలియనివాళ్ళకి మైల లేదు. అందుకే కిరణ్మయిగారు పట్టుచీర కట్టుకుని పూజ చేశారు. మంగాదేవి ఆంటీ హారతి ఇచ్చారు. వాళ్ళకి గిరీష్ బతికే ఉన్నాడు. ఒక్కరు మాత్రం పూజ ముట్టలేదు. గడ్డం గీయలేదు. పసిపిల్ల అక్షింతలు తెస్తే సముద్రంలోకి దిగారు. కడుపు నొప్పి అన్నారు, గంటలో బఫేకి వెళ్ళారు." ఆమె ఆయన వైపు తిరిగింది. "అంకుల్, మెక్సికోలో మీరు ఎవరి మైల పట్టారు?"

మంగాదేవి భర్త భుజం పట్టుకుంది. "ఏవండీ, కాదని చెప్పండి. నోరు విప్పండి!"

"ఆ రిసార్ట్ వైఫైలో ఏ ఫోన్లు తిరిగాయో అడిగాం. జవాబు వస్తుంది," అంది అబిగేయిల్. "మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పింది రాసుకుంటాం, కోర్టులో సాక్ష్యమవుతుంది."

కిరణ్మయి లేచింది. రామ్మోహన్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"బావగారూ. మొదటి రోజు నుంచీ మీరేనా?"

రామ్మోహన్ భార్య చేతిని తన భుజం మీంచి తీసేశాడు. మాట మొదలుపెట్టినప్పుడు ఆ గొంతులో పెత్తనం లేదు.

"మొదటి రోజు నుంచీ నేనే. వాణ్ణి ఈ దేశం తెచ్చింది నేను. పక్క వీధిలో ఇల్లు చూసింది నేను. ఆ రోజు మెట్ల మీద నిలబడి, నా పిల్ల ఏ బీచ్‌లో ఆడుకోవాలో కూడా నువ్వే చెప్తావా అన్నయ్యా, మేం బాలింకాలిగ్ వెళ్ళిపోతున్నాం అన్నాడు. భుజాలు పట్టి కుదిపాను. తోసేశాను. కింద పడి నన్నే చూశాడు. అంబులెన్స్‌కి చేద్దామని వాడి ఫోనే తీశాను. మా నాన్న పుట్టిన ఏడు కొడితే తెరుచుకుంది, మా ఇంట్లో అందరిదీ అదే నంబరు. తెరిచాక, వీడు లేస్తే నేనే తోశానని అందరికీ చెప్తాడన్న మాట బుర్రలోకి వచ్చింది. తాళం వేసుకుని టాక్సీ ఎక్కాను.

"ముందు భయంతోనే రాశాను కిరణ్మయీ. మర్నాటికీ వాడి నుంచి ఏ కబురూ రాలేదంటే వాడింక లేడని తెలిసిపోయింది. తర్వాత భయం పోయింది. నువ్వు తిన్నావా అంటావు. తిన్నాను అని నొక్కగానే వాడెక్కడో కూర్చుని అన్నం తింటున్నట్టే ఉండేది. క్షమించు అని రాసింది నీకు కాదు, వాడికి. మనుషులందరికీ అబద్ధం చెప్పాను. ఆ ఇసుక వినాయకుడి ముందుకు మాత్రం మైలతో రాలేకపోయాను.

"చివరి పొద్దున ఇంట్లోనే ఉన్నా అని పెట్టేసి, ఫోన్ సముద్రంలోకి విసిరాను. మునుగుతుంటే నీళ్ళలో వెలిగింది. పాప వీడియో కాల్ చేస్తోంది, వాళ్ళ నాన్నకి. కిందికి వెళ్తూ వెళ్తూ కూడా మోగింది. అప్పుడు తెలిసిందమ్మా. మెట్ల కింద వదిలేసిన రోజు కాదు. నా తమ్ముణ్ణి నేను ఆ పొద్దున చంపాను."