రంగు గడుల కబురు

ఎవరితో మాట్లాడనని అమ్మవారి మీద ఒట్టు వేశామో ఆ మనిషికి, మాటన్నదే లేకుండా ఉత్త రంగు గడులు పంపితే ఒట్టు తప్పినట్టా, కాదా...? మూడేళ్లుగా హైమను తొలిచేస్తున్న సందేహం ఇది. దీపం పెట్టినప్పుడల్లా పైడితల్లి పటం ముందు నిలబడి అదే అడిగేది. తల్లి ఏనాడూ కోప్పడినట్టు కనిపించలేదు. మరి ఔననీ అనలేదు!

ఆ శుక్రవారం పొద్దున్నే బొబ్బిలిలోని వాళ్లింట్లో గొడవ మొదలైంది. అత్తగారు బుజ్జమ్మ హైమ చేతిలోని ఫోను లాక్కుంది.

"ఒరే సాయీ! నీ పెళ్లాం రోజూ ఎవడికో సైగలు పంపుతాది, సూడు! పసుపు, పచ్చ, నీలం... ఏ రంగుకి ఏటర్థమో అడుగు!"

బట్టల కొట్టుకి బయలుదేరిన వెంకటసాయి వెనక్కి వచ్చి ఫోను చూశాడు. గడులు పంపే మనిషి పేరు ఉండాల్సిన చోట ఒట్టి చుక్క ఉంది. మూడేళ్ల గడులున్నాయి, ఒక్క అక్షరం లేదు. అతని ముఖం నల్లబడిపోయింది.

"ఎవడే ఈడు?"

"ఇది ఆటండీ... రోజూ పదహారు మాటలిస్తారు. పోలికున్నవి నాలుగేసి చొప్పున జట్టు కట్టాలి. ఎలా కట్టామో ఈ రంగులు చూపిస్తాయి..."

"ఆటేటో నానడగలేదు. ఎవడని అడిగాను!"

హైమ వెక్కి వెక్కి ఏడ్చింది. "మా నాన్నగారండీ!"

ఆ మాట వినగానే బుజ్జమ్మ మరీ మండిపడింది. ఆరేళ్ల క్రితం మనవడి బారసాలలో వియ్యంకుడు కాశీవిశ్వనాథాన్ని రెండో బంతిలో కూర్చోబెట్టారు. అది అవమానమని, వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి ఆయన తన ఊరు చీపురుపల్లి వెళ్లిపోయాడు. తండ్రితో ఇక మాట్లాడనని ఆ రోజే కోడలిచేత ఒట్టు వేయించింది బుజ్జమ్మ.

"ఒక్క మాటా ఆడలేదత్తయ్యా! పొద్దున్నే ఆ గడులొస్తే నాన్న లేచారని నాకు తెలుస్తుంది... నావి వెళ్తే నేను బాగున్నానని ఆయనకి తెలుస్తుంది... అంతే!"

"ఓసోస్! అమ్మోరికే టోపీ పెట్టావన్నమాట! సాయీ, దీన్ని చీపురుపల్లి బస్సెక్కించెయ్. తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూకొని జట్లు కట్టుకుంటారు!"

వెంకటసాయి మంచం కింది పెట్టె లాగాడు. కొడుకు బడి నుంచి వచ్చేసరికి తను ఈ ఇంట్లో ఉండదా...? హైమ పెట్టె మూత పట్టుకుంది.

బుజ్జమ్మ ఇంకా ఫోనే చూస్తోంది. "మీ నాన్నవి ఇయ్యాల కలగాపులగంగా ఉన్నాయేటే?"

"ఓడిపోయారత్తయ్యా. ఇంకొక్క తప్పు చేస్తే నేనూ ఓడిపోతాను."

"ఓడిపోయాడా!" ఆవిడ సంతోషం దాగలేదు. "ఏదీ, అంత కష్టమేటో సూడనీ."

ఆట తెరిచి చూపించింది హైమ. రెండు జట్లు కుదిరాయి. మిగిలినవి ఎనిమిది మాటలు. అరిసె, బూరె, సున్నుండ, కజ్జికాయ, చలిమిడి. ఆ పక్కన పసుపు, గాజులు, రవికెగుడ్డ.

"పిండివంటలు ఐదున్నాయి. నాలుగే ఉండాలి. ఏది తియ్యాలో..."

"బుర్ర లేదేటే మీ ఇద్దరికీ! సలిమిడి ఇటుది. సారెలో పెట్టేవి కావేటి ఈ నాలుగూ!"

"సారె వచ్చి ఆరేళ్లయింది కదత్తయ్యా... తోచలేదు."

దెప్పిపొడవడానికి అన్నది కాదది. అయినా బుజ్జమ్మకు సూటిగా తగిలింది! ఫోను మీంచి చూపు తిప్పుకుని, స్టూలు వేయించుకుని అటక మీది నుంచి ఒక ఇత్తడి గిన్నె దించింది. బారసాల నాడు పుట్టింటి చలిమిడి వచ్చిన గిన్నె అది. సారె గిన్నెను ఖాళీగా పంపకూడదు, బియ్యం పోసి వెనక్కివ్వాలి. రాకపోకలు లేక అది అలాగే ఉండిపోయింది.

చింతపండుతో తోమింది. నిండా బియ్యం పోసి, తమలపాకులు, పసుపుకొమ్ము పెట్టింది.

"సాయీ, పెట్టె ఒగ్గెయ్. ఆటో పిలు. హైమా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఏయించినదాన్ని నానే సెప్తన్నాను."

మధ్యాహ్నానికి చీపురుపల్లి చేరారు. వీధి అరుగు మీద నిలబడిపోయిన వియ్యంకుడి ముఖంలోకి చూడలేక తల దించుకునే, రెండు చేతులా గిన్నె అందించింది బుజ్జమ్మ.

"అన్నయ్యగారూ... మీ గిన్నె."