కింద అంతా బాగానే ఉంది

"తాతయ్యా! ఇంకోటి దొరికింది!" బండి కింద నుంచి కేక వేసింది పిడుగు.

పిడుగు అంటే అయిదో తరగతి చదువుతున్న పదేళ్ళ పిల్ల. అసలు పేరు ఉంది కానీ, అది బడిలో హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఇంట్లోనూ, వీధిలోనూ అందరికీ పిడుగే.

"ఏ రంగు?" అని అడిగాడు తాతయ్య. ఆయన బండి పక్కనే పీట మీద కూర్చున్నాడు.

"పసుపు. దీనికి అటు చివరా ఏమీ లేదు, ఇటు చివరా ఏమీ లేదు!"

"ఆహా! మన మహానుభావుడు అందం కోసం వేలాడదీసుంటాడు. పీకెయ్!"

పిడుగు పకపకా నవ్వుతూ వైరు పీకి బయటికి విసిరింది.

ఈ మహానుభావుడు ఎవరో ఇంట్లో ఎవరూ చూడలేదు. కానీ నెల రోజులుగా ఆయన్ని తలచుకోని పూట లేదు. అమ్మ పెరట్లో మొక్కలు పెంచి ఇళ్ళకీ, బడులకీ అమ్ముతుంది. స్కూటరు మీద ఎన్నని మోస్తుంది? అందుకని ఎక్కడో పాక కింద రెండేళ్ళుగా మూలుగుతున్న ఈ పాత పికప్ బండిని చవకగా కొనుక్కొచ్చింది. దానికి ముందున్న యజమానే మహానుభావుడు. ఆ పేరు తాతయ్య పెట్టాడు.

అబ్బబ్బ, ఏం చేశాడండీ ఆయన! ట్రాక్టరుకి ఉండాల్సిన చక్రాలు తెచ్చి దీనికి తగిలించాడు. అమ్మ ఎక్కాలంటే స్టూలు కావాల్సి వచ్చింది. సైలెన్సరు సగానికి కోసేశాడు. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు పక్కింటి పిల్లి పారిపోయి, రెండు రోజుల దాకా తిరిగి రాలేదు. ఎడమ ఇండికేటరు వేస్తే వైపరు తిరిగేది. వైపరు వేస్తే ఏమీ తిరిగేది కాదు. ఎక్కడ చూసినా అతుకులు, అతుకు మీద టేపు, టేపు మీద మళ్ళీ టేపు.

తాతయ్య బస్సుల డిపోలో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసి రిటైరయ్యాడు. అమ్మకి నాన్న ఆయన. రెండు నెలల కిందటే కళ్ళకి ఆపరేషన్ అయింది. డాక్టరు అంతా బాగుందన్నా, తాతయ్యకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. ప్రతి వైరునీ కొత్త కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని, వెలుతురు వైపు తిప్పి రెండేసి సార్లు చూసుకునేవాడు. నడుం వంగదు కాబట్టి బండి కిందికి దూరలేడు. ఆ పని పిడుగుది. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, "పైన నేను, కింద నువ్వు. కింద నా కళ్ళు నువ్వే తల్లీ" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా పిడుగు జానెడు పొడుగు పెరిగినట్టు నడిచేది.

నెల తిరిగేసరికి బండి బండిలా తయారైంది. సోమవారం రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ముందు బండికి పరీక్ష. అది పాసైతే మంగళవారం అమ్మ పిడుగు చదివే బడికే రెండు వందల మొక్కలు తీసుకెళ్ళాలి. ఇక తీయాల్సింది ఒక్కటే మిగిలింది. బండి వెనక బిగించిన ఎర్రటి హారన్ డబ్బా.

అది మామూలు హారన్ కాదు. గాడిదలా ఓండ్ర పెడుతుంది.

"తీసెయ్. ఇది మోగిందంటే ఇన్‌స్పెక్టరు మనల్ని బండితో సహా బయటికి గెంటేస్తాడు" అన్నాడు తాతయ్య.

పిడుగుకి ప్రాణం ఉసూరుమంది. మంగళవారం గాడిద హారన్ బండిలో వస్తానని క్లాసు మొత్తానికీ చెప్పేసుకుంది మరి! తమ్ముడు గుండుకి ఆరేళ్ళు. వాడికైతే ఏడుపే వచ్చింది. అయినా తాతయ్య మాట తాతయ్య మాటే. హారన్ పాత సామాన్ల పెట్టెలోకి పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతయ్య కునుకు తీశాడు. అమ్మ పెరట్లో ఉంది. నాన్న పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. పిడుగు కాళ్ళు వాటంతట అవే పెట్టె దగ్గరికి నడిచాయి.

"ఒక్కసారి మోగించి తీసేద్దాం రా. ఒకే ఒక్కసారి" అంది గుండుతో.

నెల రోజులు చూసిన పనేగా! బండి కిందికి దూరి, బంపరు వెనక బ్రేకు లైటు వైరు పట్టుకుంది. బ్లేడుతో దాని ప్లాస్టిక్ తొడుగు గీకింది. హారన్ వైరు దానికి మెలిపెట్టింది.

"ఊఁ, బ్రేకు తొక్కు!"

గుండు సీటు ముందు నిలబడి, రెండు కాళ్ళతో పెడల్ మీదికి దూకాడు.

"గా..." అంది గాడిద. అంతే. లోపలెక్కడో "టప్" మంది. తరవాత కిక్కురుమనలేదు.

"అక్కా, గాడిద చచ్చిపోయిందా?" అన్నాడు గుండు.

పిడుగు గబగబా హారన్ వైరు కోసేసింది. మెలిపెట్టిన చోట మిగిలిన ముక్క మీద మూడు చుట్లు టేపు చుట్టి, ఇనుప పట్టీ వెనక్కి నెట్టింది. హారన్‌ని పెట్టెలో పడేసి, గుండుకి రెండు బిస్కెట్లిచ్చి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది.

సాయంత్రం అందరూ బండి చుట్టూ చేరారు. ముందు లైట్లు వెలిగాయి. ఎడమ ఇండికేటరు వేస్తే ఎడమదే వెలిగింది. అమ్మ చప్పట్లు కొట్టింది. ఆ తరవాత బ్రేకు తొక్కింది. వెనక లైట్లు వెలగలేదు.

తాతయ్య ఫ్యూజుల డబ్బా మూత తీసి చూశాడు. ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది పెట్టాడు. అమ్మ మళ్ళీ బ్రేకు తొక్కింది. టప్!

"ఎక్కడో వైరు ఇనుముకి తగులుతోంది. పిడుగూ, కిందికెళ్ళి బంపరు వెనక చూడు తల్లీ" అన్నాడు తాతయ్య.

పిడుగు కిందికి దూరింది. టార్చి వేసింది. తను చుట్టిన టేపు ఉబ్బెత్తుగా ఎదురుగానే ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఈ నెల రోజులూ మహానుభావుడి మీద వేసుకున్న జోకులన్నీ గుర్తొచ్చాయి. ఆయన చేసిన పనే తనూ చేసిందాయె. ఇప్పుడు అందరూ తనని చూసి నవ్వరూ?

"కింద అంతా బాగానే ఉంది తాతయ్యా" అంది.

"సరే. నువ్వు బాగుందన్నావంటే ఇక కింద చూసే పనే లేదు. తప్పు పైనే ఉంది" అన్నాడు తాతయ్య.

నిజమా అని కూడా అడగలేదు ఆయన. అడిగి ఉంటే పిడుగు చెప్పేసేదేమో.

ఆదివారం తెల్లారగానే తాతయ్య డాష్‌బోర్డు మొత్తం విప్పేశాడు. నాన్న టార్చి పట్టుకున్నాడు. బండి విషయంలో నాన్నకి తెలిసింది ఎక్కడం, దిగడం మాత్రమే. తాతయ్య తను వేసిన అతుకులన్నీ ఒక్కొక్కటే విప్పి, చూసి, మళ్ళీ వేశాడు. కొత్త ఫ్యూజు పెట్టాడు. టప్! మళ్ళీ విప్పాడు. టప్! మధ్యాహ్నానికి అయిదు ఫ్యూజులు పోయాయి. టీ చల్లారిపోయినా ఆయన ముట్టుకోలేదు.

"అల్లుడుగారూ, ఇది ఏ రంగు?"

"ఎరుపండీ."

"నాకూ ఎరుపులాగే ఉంది మరి..."

తాతయ్య కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, రేపు మెకానిక్‌ని పిలిపించు. నేను ఎక్కడో ఒక రంగుకి ఇంకో రంగు కలిపేశాను. అది నాకు కనపడటం లేదు. ఒకప్పుడు చీకట్లో తడిమి చెప్పేవాణ్ణి. ఇప్పుడు పట్టపగలు కూడా తెలియట్లేదు" అన్నాడు.

"ఏంటి నాన్నా ఆ మాటలు?" అంది అమ్మ.

"ఉన్న మాటే. ఈ కళ్ళతో ఇక ఈ పనులు చేయకూడదు. ఎవరికైనా ప్రమాదం." టెస్టర్‌ని, కటింగ్ ప్లేయర్‌ని తుడిచి, సంచిలో సర్ది, నాన్న చేతికిచ్చాడు. "అటక మీద పెట్టేయండి అల్లుడుగారూ. మళ్ళీ దించక్కర్లేదు."

తలుపు చాటున నిలబడ్డ పిడుగు ఇదంతా చూసింది. నిన్నటి నుంచీ తిట్లు తినాల్సొస్తుందనే భయపడింది. తాతయ్యకి ఇలా అవుతుందని కల్లో కూడా అనుకోలేదు. ఆయన ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

పిడుగు ఒక్క ఉదుటున వచ్చి నాన్న చేతిలోని సంచిని గట్టిగా పట్టుకుంది.

"ఇది అటకెక్కడానికి వీల్లేదు!"

"ఏమైందే?" అన్నాడు నాన్న.

"తాతయ్యా, నీ కళ్ళు బాగానే ఉన్నాయి. కిందే బాగాలేదు! నేను అబద్ధం చెప్పాను. నిన్న నువ్వు పడుకున్నప్పుడు గాడిద హారన్ మోగించాను. బ్రేకు లైటు వైరుకి కలిపాను. టప్ మంది. కోసేసి టేపు చుట్టాను. నేనే తాతయ్యా, నేనే చేశాను!"

"గాడిద కూడా చచ్చిపోయింది" అన్నాడు గుండు, అక్క చెప్పేసింది కాబట్టి ఒట్టు తీరిపోయిందని.

అమ్మ ముఖం ఎర్రబడింది. "నిన్నట్నుంచి ఆయన తిండి కూడా మానేసి..."

"ఉండమ్మా." తాతయ్య చెయ్యెత్తాడు. "ఎక్కడ కలిపావు?"

"బంపరు వెనక. కుడి పక్క."

"అక్కడ నేను పెట్టిన వైరు ఏ రంగు?"

"ఎరుపు."

"దానికి నేను కలిపిన అవతలి వైరు?"

"అదీ ఎరుపే తాతయ్యా."

తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముందు మీసాల్లో నవ్వాడు. తరవాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"విన్నారా అల్లుడుగారూ? ఎరుపుకి ఎరుపే కలిపాను! నేను తప్పు చేయలేదు!"

ఆ నవ్వు చూశాక అమ్మకి కోపం ఎక్కడ పోయిందో ఆమెకే తెలియలేదు. పిడుగు మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తోంది. తాతయ్య ఆమెని దగ్గరికి లాక్కున్నాడు.

"హారన్ సంగతి పెద్ద విషయం కాదే. డిపోలో నేను కాల్చినన్ని ఫ్యూజులు నువ్వు ఈ జన్మలో కాల్చలేవు. కానీ బాగానే ఉందన్నావు చూడు, ఆ మాట నమ్మి రాత్రంతా నిద్రపోలేదు."

"సారీ తాతయ్యా."

"సరే, ఏడుపు తరవాత ఏడుద్దువు గాని. ముందు కిందికి దూరు. అక్కడ ఏం కనపడితే అది చెప్పు. ఏదీ వదలకు."

పిడుగు ముక్కు తుడుచుకుని దూరింది. "టేపు ఉంది. మూడు చుట్లు. వంకరగా ఉంది."

"ఊఁ."

"విప్పాను. లోపల రాగి తీగ బయటికొచ్చి ఇనుప పట్టీకి తగులుతోంది."

"అదీ దొంగ! ఇంకా?"

"పక్కన సాలెపురుగు ఉంది. దానికి ఒక కాలు లేదు."

"సాలెపురుగు సంగతి నాకెందుకే?"

"ఏదీ వదలొద్దన్నావు కదా!"

నాన్న నవ్వు ఆపుకోలేక టార్చి కింద పెట్టేశాడు.

తాతయ్య చెప్తుంటే పిడుగు హారన్ వైరు ముక్కని పూర్తిగా తీసేసింది. గీకిన చోట కొత్త టేపుని ఖాళీ లేకుండా, చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా చుట్టింది. రెండుసార్లు జారింది. రెండుసార్లూ "జారింది తాతయ్యా" అని చెప్పి మళ్ళీ చుట్టింది. ఆఖర్న వైరుని ఇనుముకి దూరంగా క్లిప్పులో బిగించింది. తాతయ్య సంచిలో మిగిలిన ఒకే ఒక్క ఫ్యూజుని దాని చోట పెట్టాడు.

"గుండూ, తొక్కరా!"

గుండు రెండు కాళ్ళతో దూకాడు.

టప్ మనలేదు. వెనక రెండు లైట్లూ ఎర్రగా, ధగధగా వెలిగాయి. పిడుగు "హేయ్!" అంటూ బయటికి దొర్లుకొచ్చి, మసి చేతులతోనే తాతయ్యని వాటేసుకుంది. ఆయన తెల్ల చొక్కా మీద పది వేళ్ళూ పడ్డాయి. అమ్మ అది చూసి కూడా ఏమీ అనలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి చూశాడు, లేచి చూశాడు. "వైరింగ్ ఎవరు చేశారు? చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. తాతయ్య పిడుగు భుజం మీద చెయ్యి వేసి, "మేమిద్దరం" అన్నాడు.

మంగళవారం పొద్దున బండి నిండా మొక్కలు ఎక్కించారు. పచ్చగా కళకళలాడిపోతోంది. క్లాసంతా గేటు దగ్గర కాచుకుని ఉంటారని పిడుగుకి ఒక్క చోట కాలు నిలవడం లేదు. అమ్మ చెప్పులు వేసుకోడానికి లోపలికెళ్ళింది. ఈలోపు పిడుగు తనే వెనక తలుపు వేద్దామని మొక్కల గంప ఒకటి గబుక్కున లోపలికి నెట్టబోయింది. గంప జారి కుడి ఇండికేటరుకి తగిలింది.

ఖణేల్!

పిడుగు చుట్టూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. గుండు కూడా లేడు. చెప్తే బడికి ఆలస్యం అవుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"తాతయ్యా! ఇండికేటరు అద్దం పగిలిందీ! నేనే పగలగొట్టానూ! ఇప్పుడే!"

ఆ కేకకి నాలుగిళ్ళ అవతలి దాకా కిటికీలు తెరుచుకున్నాయి. పక్కింటి పిల్లి మళ్ళీ పరుగు లంకించుకుంది. తాతయ్య సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఎన్ని ముక్కలు?"

"మూడు తాతయ్యా."

పిడుగు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి బండి కిందికి చూసింది.

"కాదు, నాలుగు. ఒకటి చక్రం వెనక ఉంది."