గోతి అంచున బ్రౌలియో

శనివారం మధ్యాహ్నం మోంతెవిదేవోలో వాన పట్టుకుంది. వాన పడితే ఆ ఊళ్లో ఇంటింటా నూనె మూకుడు పొయ్యెక్కాల్సిందే. తోర్తాస్ ఫ్రీతాస్ అనే వేడి నూనె రొట్టెల వాసన మెట్ల దాకా వస్తుంటే మిల్టన్‌కి కాలు నిలవలేదు. ఆ చిన్న వీడియో గేముల కంపెనీకి ఆయనే పెద్ద.

"మూల కొట్టుకెళ్లి అరడజను పట్టుకొస్తా. ఈలోగా ఆ గెంతు సంగతి చూడు ఒర్నేలా. గోతిలో పడాల్సినవాణ్ణి కూడా నీ ఆట చెయ్యి పట్టి లాగేస్తోంది. అంత గారాబం పనికిరాదమ్మాయ్. సరిచేశావంటే సోమవారం నుంచి నీకిక్కడ కుర్చీ ఖాయం."

"చేసేస్తానండీ," అంది ఒర్నేలా.

ఆ కుర్చీ కోసమే మూడేళ్లు బేకరీలో పిండి పిసుకుతూ, మిగిలిన వేళల్లో ఆటలకు కోడ్ రాయడం నేర్చుకుంది. ఆ గారాబం మాత్రం ఊరికే పెట్టింది కాదు. తమ్ముడు బ్రౌలియోకి కండరాల జబ్బు. బొటనవేలు చెప్పిన మాట ఆలస్యంగా వినేది. అందుకే ఆటలోని బొమ్మ గోతి అంచు దాటాక బటన్ నొక్కినా గెంతేలా రాసింది. "చూశావా అక్కా, దూకేశా!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. మొన్న ఏప్రిల్లో పోయాడు.

అంచు దాటాక ఇచ్చే ఆ గడువులో ఒక్క అంకె తగ్గించింది. అంతే పని.

మార్పు చేశాక పాత గెంతుల్ని మళ్లీ నడిపించి చూడటం ఆ పనిలో మామూలే. ఎవరు ఏ క్షణాన బటన్ నొక్కారో కంప్యూటర్ దాచుకుంటుంది. ఆ నొక్కుళ్లనే తిరిగి పంపితే ఏం చెడిందో తెలుస్తుంది. అందుకోసం పదిమంది చేత ఆడించి దాచుకోవాలి. ఒర్నేలా దగ్గరున్నవి తమ్ముడొక్కడివే, నలభై గెంతులు. ఆ సంగతి మొదలుపెట్టాకగానీ తట్టలేదు.

బొమ్మ పరుగెత్తుకొచ్చింది. అంచు దాటింది. బటన్ ఆలస్యంగా పడింది. గోతిలోకి జారిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. వాడి వేలే. చూడలేకపోయింది, ఆపలేకపోయింది.

నలభై అయిపోయాయి.

బొమ్మ మళ్లీ పరుగెత్తుకొచ్చింది...

ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఈసారి బటన్ కాస్త ముందు పడింది. అయినా గోతిలోకే. ఆ తర్వాత, ఇంకాస్త ముందు. పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి చప్పుడు... టక్. వాడి చేతులకు రాసే కర్పూరం మందు వాసన. టక్... టక్...

వాడు నేర్చుకుంటున్నాడు. అక్క మార్చింది కదా అని, తనే తొందరపడుతున్నాడు.

"వద్దురా..." ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "నీ వేలు నొప్పెడుతుందిరా. పాతదే పెట్టేస్తా."

తలుపు తెరుచుకుంది. నూనె మరకల పొట్లంతో మిల్టన్ ఆమె వెనక నిలబడ్డాడు. అప్పుడే బొమ్మ సరిగ్గా అంచు మీద గెంతి, అవతల వాలింది.

"అదీ గెంతంటే! ఎవరిదమ్మాయ్ ఆ చెయ్యి?"

"మా తమ్ముడిదండీ. పాత అంకె పెట్టేస్తాను."

"పిచ్చా నీకు? పెట్టావంటే కుర్చీ మాట మర్చిపో."

మర్చిపోయింది. కళ్లు తుడుచుకుంటూ పాత అంకె కొట్టి, నలభై గెంతుల్నీ మళ్లీ మొదలుపెట్టింది.

బొమ్మ అంచుకొచ్చింది. దాటింది. ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు, నొక్కరా... నొక్కలేదు. గోతిలో పడింది. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కలేదు.

ఒర్నేలా నొక్కుళ్ల జాబితా తెరిచింది. నలభై వరసలూ ఖాళీ. వాటి కింద, ఆమె ఎన్నడూ దాచని వరసలో, ఒక్కటే నొక్కుడు ఉంది, ఇందాక బొమ్మను అవతల దింపినది. వదిలి మళ్లీ నొక్కితేనే బొమ్మ గెంతుతుంది. ఆ వేలు వదల్లేదు. నొక్కి ఎంతసేపైందో చూపే అంకె పెరుగుతూనే ఉంది.