ఆఖరి లైను

శనివారం పొద్దున్న తను పనిచేసే మందుల షాపుకి బయల్దేరబోతూ ఆమె భోజనాల బల్ల వైపు చూసి పెదవి విరిచింది. కంచం పెట్టుకోడానికి చోటు లేదు. కూతురు వాడి వదిలేసిన పాత లాప్‌టాప్, దాని పక్కన క్లాసు వాళ్ళిచ్చిన కాగితం, ముందు కళ్ళు చికిలించుకుని భర్త.

"ఇంకా ఎంతసేపండీ ఈ భాగోతం?"

"మధ్యాహ్నం లైబ్రరీలో క్లాసు. ప్రోగ్రాములు రాయడం మొదటినుంచీ నేర్పుతారట. పైథాన్ అని, ప్రోగ్రాములు రాసే భాష, దాన్ని ముందే ఇందులోకి ఎక్కించుకుని రమ్మన్నారు. ఓపెన్ సోర్స్ అంట, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా!"

"ఊరికే వస్తుందంటే చాలు, ముందు వరసలో మీరే."

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. చూపు మందగించి స్టీరింగు వదిలేశాక, ఈ ఏడాదిలో ఆయన ఎత్తుకుని దింపేసిన పనులు అన్నీ ఇన్నీ కావు. కుట్టుమిషను, కుండీల్లో టమాటాలు, చదరంగం, ఇప్పుడిది. షాపులో పక్క కౌంటరామెకి దీన్ని ఎలా వర్ణించాలో ఆమె అప్పుడే మనసులో కూర్చుకుంటోంది.

పళ్ళు తోముకుంటూ కూతురు వచ్చింది. "అమ్మా, పాత సామాన్లవాడు వస్తే ఇచ్చేద్దామా?"

"లాప్‌టాప్‌నా?"

"నాన్నని!"

తల్లీకూతుళ్ళు పగలబడి నవ్వారు. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"అరవైమందిని ఎక్కించుకుని ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు నన్ను చూసి ఎవరూ నవ్వలేదు!" బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"రోషానికేం తక్కువ లేదు" అని సణుక్కుంటూ, తన టిఫిన్ డబ్బా పెట్టుకోడానికి ఆమె లాప్‌టాప్ పక్కకి జరిపింది. తెర మీద క్లాసు వాళ్ళతో ఆయన రాసుకుంటున్న చాట్ తెరిచి ఉంది.

"అయ్యా, ఆఖరి లైను కొడితే తప్పని వస్తోంది. మూడోసారి అడుగుతున్నా, విసుక్కోకండి. ఇంట్లో అడిగితే నవ్వుతారు."

కింద ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి జవాబు: "నిదానంగా చేయండి. ఎన్నిసార్లైనా అడగండి."

ఆమె మళ్ళీ చదివింది. షాపులో ఏ ముసలాయనకైనా మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో నాలుగుసార్లు ఓపిగ్గా చెబుతుంది తను. ఇంట్లో ఈయనకి ఏ మాటైనా రెండోసారి చెప్పి ఎన్నాళ్ళైంది?

"ఏంటమ్మా, మళ్ళీ ఏం చెడగొట్టాడు?"

"నోర్ముయ్" అంది గట్టిగా. కూతురి ముఖం వాడిపోయింది. ఆమె గొంతు తగ్గించి, "నిన్ను అని ఏం లాభం! నన్ను చూసే నేర్చుకున్నావు" అంది.

బాల్కనీ తలుపు తట్టింది. "ఏవండీ, రండి. ఆ లైను నేనూ చూస్తాను."

ఆయన అనుమానంగానే వచ్చి కూర్చున్నాడు. డాక్టర్ల కోడిగీతల్లాంటి చీటీలు చదివి చదివి ఆరితేరిన కళ్ళు ఆమెవి.

"కాగితంలో ఇక్కడ అడ్డగీత ఉంది చూడండి."

"కొట్టానుగా."

"మీరు ఒకటే కొట్టారు. ఇక్కడ రెండున్నాయి, అతుక్కుపోయినట్టు ఉన్నాయి."

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మళ్ళీ కొట్టాడు. ఈసారి తప్పని రాలేదు. పైథాన్ ఎక్కిందన్న గుర్తుగా, కాగితంలో చెప్పినట్టే ఒక అంకె వచ్చింది.

ఆయన మాత్రం ముందు ఆమె ముఖంలోకి చూశాడు, నవ్వుతోందేమోనని.

ఆమె పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పక్క కుర్చీ లాక్కుంది.

"తర్వాత ఏం చెయ్యమన్నారో చదవండి" అంది.