ఎడమవైపు అంకెలు

హన్నాగారు ఉదయం ప్రార్థన ముగించి హాల్లోకి వచ్చేసరికి గోడ మీద ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. పాత గడియారం పక్కనే ఎవరో కొత్తది తగిలించారు.

"ఇదెవరు పెట్టేరమ్మా?"

"నేనే అత్తయ్యగారూ. రాత్రి మీరు పడుకున్నాక తగిలించేను." వంటింట్లోంచి కోడలు జాస్మిన్ చెప్పింది. ఒక చేత్తో కూతురి టిఫిన్ బాక్సు సర్దుతూ, ఇంకో చేత్తో తన బ్యాంకు బ్యాగు వెతుక్కుంటోంది. "శారోన్‌కి ముళ్ళ గడియారం అర్థం కావట్లేదండీ. రోజూ ఆటో తప్పిపోతోంది. ఇదైతే చూడగానే తెలిసిపోద్ది."

హన్నాగారి ముఖం చిన్నబోయింది. రాజోలు చుట్టుపక్కల బడుల్లో ముప్పై నాలుగేళ్ళు పంతులమ్మగా చేశారావిడ. అట్టముక్కకి రెండు ముళ్ళు గుచ్చి, ఎన్ని వందల మంది పిల్లలకు టైము చూడ్డం నేర్పారో లెక్కలేదు. ఆవిడ ఇంట్లోనే మనవరాలికి రాదట.

"రాకపోతే నేర్పాలి గానీ గడియారం మార్చేస్తారా? ముళ్ళు చూస్తే ఇంకా ఎంత వ్యవధి ఉందో కంటికి ఆనుతుంది. దీంట్లో ఏముంది, ఇప్పుడెంతో చెప్పి ఊరుకుంటుంది."

"ఇప్పుడెంతో తెలిస్తే చాలండీ మాకు."

"రెండూ ఉంటాయిలే అమ్మా," అన్నాడు కొడుకు జీవన్, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. ఆ మాట ఎవరికీ నచ్చలేదు.

హన్నాగారు మనవరాలిని చెయ్యి పట్టుకుని పాత గడియారం కింద నిలబెట్టారు. "చూడు తల్లీ. చిన్న ముల్లు ఎనిమిది దగ్గరకొచ్చింది. పెద్ద ముల్లు తొమ్మిది మీదుంది. అంటే ఏడూముప్పావు."

శారోన్ పక్కనున్న ఎర్ర అంకెలు చూసి చప్పట్లు కొట్టింది. "కరెక్టే మామ్మా! ఏడూ నలభై ఐదు!"

ఆవిడ గర్వంగా కోడలి వైపు చూశారు. ఇంతలో ఆటో హారన్ వినపడి, పిల్ల పరుగెత్తింది.

ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. జాస్మిన్ చెప్పులు వేసుకుంటుండగా లోపల్నుంచి హన్నాగారి గొంతు గట్టిగా వినిపించింది.

"గడియారంలో అంకెలు ఎవరు చెరిపేసేరు?"

జాస్మిన్ వెనక్కి వచ్చింది. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని పాత గడియారం వైపే చూస్తున్నారు.

"ఏ అంకెలండీ?"

"పన్నెండు దగ్గర్నుంచి ఆరు దాకా ఉన్నాయి. మిగతావేవి? చిన్న ముల్లేది? నా మాట నెగ్గిందని పీకేసేవా?"

జాస్మిన్ తలెత్తి చూసింది. గడియారం శుభ్రంగా ఉంది. చిన్న ముల్లు ఎనిమిది మీద, పెద్దది రెండు మీద ఉన్నాయి. "ఇంత నింద వేస్తారా అత్తయ్యగారూ? ఒక గడియారం కొన్నందుకా? ఈ వయసులో మీకీ నటనెందుకండీ?"

"జాస్మిన్!" అని అరిచాడు జీవన్.

"మీరుండండి! పోనీ, కొత్త దాంట్లో చూసి చెప్పండత్తయ్యగారూ. ఎంతయింది?"

ఎర్ర అంకెలు ఎనిమిదీ పన్నెండు చూపిస్తున్నాయి. హన్నాగారు తేరిపార చూసి, "పన్నెండు," అన్నారు.

"పన్నెండేంటండీ?"

"పన్నెండే ఉందమ్మా. ముందర గంటలేవి? ఇది కూడా పాడైపోయిందా?"

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. చిన్నపిల్ల అడిగినట్టు నిజంగానే అడుగుతున్నారు. జాస్మిన్ కోపం ఉన్నచోటే గడ్డకట్టింది. అప్పుడు చూసిందామె బల్ల మీదున్న పళ్ళేన్ని. కుడివైపు రెండు ఇడ్లీలు తినేశారు. ఎడమవైపు రెండూ ముట్టుకోలేదు. ఎడమచేతిలో కాఫీ గ్లాసు వాలిపోయి, వేడి కాఫీ చీర మీదుగా కారుతోంది. ఆవిడకు తెలియడం లేదు.

జాస్మిన్ ఎడమవైపు వెళ్ళి నిలబడి, "అత్తయ్యగారూ!" అని పిలిచింది. ఆవిడ కుడివైపు తిరిగి, ఎవరూ కనబడక వెతుక్కున్నారు.

"కారు తియ్యండి," అంది జాస్మిన్ భర్తతో. "ఇప్పుడే."

"నాకేమైందే? నేను బాగానే ఉన్నాను," అంటూనే ఉన్నారు హన్నాగారు, అమలాపురం చేరేదాకా.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఆవిడ కళ్ళూ చేతులూ చూసి, స్కానింగుకి పంపిస్తూ ఒకటే అడిగారు. "చివరిసారిగా ఆవిడ మామూలుగా ఉన్నది ఎప్పుడు? సుమారుగా కాదు, కచ్చితంగా కావాలి. మెదడులో రక్తం గడ్డకట్టి ఉంటే, నాలుగున్నర గంటల్లోపే ఇంజెక్షను పనిచేసేది."

జీవన్ భార్య వైపు చూశాడు.

"ఏడూ నలభై ఐదుకి బాగున్నారండీ," అంది జాస్మిన్. "మా పాపకి గడియారం చదివి చెప్పేరు. రెండు ముళ్ళూ ఎడమవైపే ఉన్నాయి, రెండూ సరిగ్గా చెప్పేరు. ఎనిమిదీ పదికి ఆ ఎడమవైపే కనబడలేదండీ."

డాక్టరుగారు తన చేతి గడియారం చూసుకున్నారు. తొమ్మిదింపావు. "చాలామ్మా," అని లోపలికి నడిచారు. పది కాకుండానే ఇంజెక్షను ఇచ్చారు.

జాస్మిన్ వరండాలో బెంచీ మీద కూలబడింది. నటన అంది తను. అవతల ప్రాణం మీదికొస్తే, ఎదురుగా నిలబడి పోట్లాడింది. పైగా పరీక్ష పెట్టింది. జీవన్ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

మూడో రోజుకి హన్నాగారు లేచి కూర్చున్నారు. ఎడమచెయ్యి కొద్దికొద్దిగా లేస్తోంది. ఎడమవైపు చూపు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. ఆ వైపు కూర్చుని పిలుస్తూ ఉండమన్నారు డాక్టరుగారు. తల తిప్పడం అలవాటైతే మెదడు తనే నేర్చుకుంటుందట. జాస్మిన్ సెలవు పెట్టి, కుర్చీ ఆ వైపు వేసుకుంది.

"అత్తయ్యగారూ, ఆ రోజు నేను..." అంటూనే ఏడ్చేసింది. "నటన అన్నానండీ మిమ్మల్ని."

హన్నాగారు ఎదురుగా ఉన్న గోడ వైపే చూస్తూ విన్నారు. "నేనూ అన్నానుగా, ముల్లు పీకేసేవని. నిజంగానే అనుకున్నానమ్మా. నా కోడలు నా మీద అంత పగబట్టిందని ఎలా అనుకోగలిగేనో, అదే నాకిప్పుడు సిగ్గుగా ఉంది."

జాస్మిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా వెక్కిళ్ళు ఆగలేదు.

"ఏడుపు వినబడుతోంది. ఎక్కడున్నావే?"

"ఇక్కడేనండీ. ఇటు తిరగండి. ఇంకొంచెం. ఇంకొంచెం అత్తయ్యగారూ."

హన్నాగారు తల తిప్పారు. మెడ నరాలు బిగిశాయి. దిండు అంచు, మంచం కమ్మీ, ఒక గాజుల చెయ్యి వచ్చాయి. ఇంకొంచెం తిరిగితే, తడిసిన ముఖం కనబడింది.

"ఆయ్, కనబడ్డావు," అన్నారావిడ.